కొత్వాల్ నుంచి కమిషనర్ దాకా: హైదరాబాద్ సిటీ పోలీస్‌లో మన పాలమూరు, నల్లగొండ

పాలమూరు మాస్టారు (వనపర్తి) · సోమవారం ఉదయం 6:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్ సిటీ పోలీస్ చరిత్ర, పని తీరు గురించి మన జిల్లాల వాళ్ళం ఒక్కచోట రాసి పెట్టుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఆ శాఖ మనకు దూరపు వ్యవహారం కాదు. ఇవాళ తెలంగాణలో ఎస్సైగా ఎంపికైన వాళ్ళు హిమాయత్‌సాగర్ దగ్గరి పోలీసు అకాడమీలో శిక్షణ తీసుకుంటారు. దాని పేరు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి తెలంగాణ పోలీసు అకాడమీ. ఆయన 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. మన మట్టి మనిషి.

చిన్న ఉద్యోగం నుంచి మొదలై నిజాం రాజ్యంలో జిల్లాలు తిరిగి, కొత్వాల్ (నగర పోలీసు పెద్ద) ఇమాద్ జంగ్ కింద నాయబ్‌గా, అంటే సహాయకుడిగా పనిచేసి, 1920లో హైదరాబాద్ నగర కొత్వాల్ అయ్యారు. 1934 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఒక తెలుగు పల్లెటూరి మనిషి పద్నాలుగేళ్ళు నగర కొత్వాల్‌గా నిలబడడం అంటే మాటలు కాదు. 1922లో ఇంగ్లండ్ యువరాజు నగరానికి వచ్చినప్పుడు బందోబస్తు భారం ఆయన మీదే పడింది.

కొత్వాల్ అంటే దొంగలను పట్టే అధికారి మాత్రమే అనుకోకండి. మొఘలుల నాటి నుంచి ఆ ఉద్యోగం కింద చాలా పనులు ఉండేవి. రాత్రి గస్తీ, బజార్లో తూకాలు, కొలతలు, ఊరికి వచ్చీ పోయే కొత్తవాళ్ళ లెక్క, ఇళ్ళ పట్టీ, వారసుల్లేని సొత్తు, అన్నీ ఆయనవే. హైదరాబాద్ సిటీ పోలీస్ తన పుట్టుకను 1847 నుంచి లెక్కపెట్టుకుంటుంది. నిజాం రాజ్యం పోయాక కొత్వాల్ పేరు పోయి కమిషనర్ వచ్చింది. పాతబస్తీ పెద్దల నోట ఇప్పటికీ కొత్వాల్ మాట వినిపిస్తుంది.

తెలిసినవాళ్ళు తెలిసింది రాయండి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళు పని ఎట్లా నడుస్తుందో చెప్తే ఇంకా మంచిది.


దేవరకొండ తమ్ముడు (ప్రస్తుతం హైదరాబాద్) · సోమవారం ఉదయం 8:15

మాస్టారూ, నేను సిటీలో కానిస్టేబుల్‌ను. స్టేషన్ పేరు రాయను, పని చెప్తా.

మన దగ్గర మండల స్టేషన్‌కు ఎస్సై పెద్ద. సిటీలో స్టేషన్‌కు ఇన్‌స్పెక్టర్ పెద్ద, ఆయన కింద చాలామంది ఎస్సైలు. పైన ఏసీపీ, అంటే మన డీఎస్పీ లాంటి హోదా. ఆ పైన జోన్‌కు డీసీపీ, మన జిల్లా ఎస్పీ స్థాయి. అందరి మీద కమిషనర్. ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఏసీపీ దగ్గరికి, డీసీపీ దగ్గరికి పోవాలంటే జంకుతారు. జంకనక్కర్లేదు. స్టేషన్లో పని కాకపోతే తర్వాతి మెట్టు వాళ్ళే.

స్టేషన్ లోపల అసలు బండి లాగేది రైటర్. కేసు కాగితం ఏదైనా ఆయన చేతి మీదుగానే నడుస్తుంది. కోర్టు కానిస్టేబుల్ అని ఒకరుంటారు, సమన్లు, వారంట్లు, సాక్షులను తేదీకి తీసుకుపోవడం ఆయన పని. వాయిదా నాడు సాక్షి రాకపోతే ఎంత మంచి దర్యాప్తు చేసినా కేసు కొట్టుకుపోతుంది. బయట బ్లూకోల్ట్స్, బైక్ మీద ఇద్దరు. డయల్ 100కు కాల్ వస్తే దగ్గర్లో ఉన్న బ్లూకోల్ట్స్‌కో పెట్రోలింగ్ కారుకో వెంటనే సమాచారం పోతుంది. మీరు చేయాల్సింది ఒకటే, ఎక్కడున్నారో గుర్తు సరిగ్గా చెప్పాలి. 'దిల్‌సుఖ్‌నగర్‌లో' అంటే సరిపోదు. మెట్రో పిల్లర్ నంబరు చూసి చెప్పండి, దానికంటే తేలికైన గుర్తు లేదు.

వీటికి తోడు దర్యాప్తుకు సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్), కమిషనర్ టాస్క్‌ఫోర్స్, సమాచారం రాబట్టేది, పాస్‌పోర్ట్ విచారణ చేసేది స్పెషల్ బ్రాంచ్, పెద్ద బందోబస్తులకు పేట్లబుర్జు నుంచి ఆర్మ్‌డ్ రిజర్వ్. ట్రాఫిక్ వేరే విభాగం.


సూర్యాపేట పెద్దాయన · సోమవారం ఉదయం 10:02

మాస్టారు గారూ, మీ అభిమానం అర్థమైంది. కానీ ఒక మాట అడగాలి. నిజాం పోలీసు అంటే మా ఊళ్ళలో పొగిడే మాటలు రావు. అమీను, అంటే నిజాం పోలీసు అధికారి, ఊరికి వస్తున్నాడంటే దొర గడీలో మకాం. కోళ్ళు, పాలు, గడ్డి, మంచాలు ఊరే తెచ్చి పెట్టాలి. పైసా ఇచ్చేది లేదు. మాదిగోళ్ళు, చాకలోళ్ళు, కుమ్మరోళ్ళు వెట్టికి నిలబడాలి, సామాను తలకెత్తుకుని పక్క ఊరి దాకా మోయాలి. మా నాయన ఆ మూటలు మోసిన మనిషి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపారు. అప్పుడు కడవెండి నల్లగొండ జిల్లాలోనే ఉండేది. పోలీసులు ఎవరి వైపు నిలబడ్డారో జిల్లా అంతటికీ తెలుసు.

నగరంలో కొత్వాల్ గారు మంచివారే కావచ్చు. పల్లెకు వచ్చిన పోలీసు మాత్రం దొర చేతి కర్ర. దాన్ని కూడా రాయండి.


పాలమూరు మాస్టారు · సోమవారం మధ్యాహ్నం 1:20

పెద్దాయన గారూ, మీరు చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం కాదనను. మా వైపు కూడా వెట్టి అంతే ఉండేది.

నిజాం రాజ్యంలో నగర పోలీసు వేరు, జిల్లాల పోలీసు వేరు. మొదటి సాలార్‌జంగ్ 1860ల్లో జిల్లాబందీ తెచ్చినప్పుడు, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టినప్పుడు, జిల్లా పోలీసుకు వేరే నడక మొదలైంది. నగర కొత్వాల్‌కు మాత్రం నేరుగా నిజాం దగ్గరికి వెళ్ళే వీలు ఉండేది. కొత్వాల్ మంచితనం హైదరాబాద్ దర్వాజాలు దాటి కడవెండికి చేరలేదు. ఊళ్ళో దొర, పటేలు, అమీను ఒక్క తాడుగా పేనుకుని ఉన్నప్పుడు నగరంలో ఎవరు కూర్చున్నా ఒరిగేది లేదు.

అదే వెంకటరామారెడ్డి గారు 1918లో సంస్థానాల పెద్దలను, ఉన్నవాళ్ళను కదిలించి విరాళాలు పోగుచేసి హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. అప్పటికి తెలుగు పిల్లవాడు నగరంలో చదవాలంటే ఉండడానికి చోటు లేదు. ఆ హాస్టల్ బాధ్యతలు చూసినవారు మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారు. 1926లో గోలకొండ పత్రిక తెచ్చింది ఆయనే. ఇక ఆ హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళలో మీ జిల్లా రావి నారాయణరెడ్డి గారు ఉన్నారు. నిజాం మీద, దొరల మీద పోరాటానికి నాయకుడైన మనిషి నిజాం కొత్వాల్ పెట్టించిన హాస్టల్లో చదువుకున్నాడు. అందుకే ఆ కొత్వాల్ గారిని ఒక్క ముక్కలో మంచి, చెడ్డ అని తేల్చలేకపోతున్నాను. నారాయణగూడలో 1954లో వచ్చిన ఆడపిల్లల కాలేజీకి కూడా ఆయన పేరే పెట్టారు.


సూర్యాపేట పెద్దాయన · సోమవారం మధ్యాహ్నం 2:05

రావి నారాయణరెడ్డి గారి సంగతి సరిగ్గా చెప్పారు. ఒప్పుకుంటాను. రెండూ పక్కపక్కనే రాయండి, చాలు.


నల్లగొండ లాయరమ్మ · సోమవారం సాయంత్రం 5:48

పెద్దలు చరిత్ర చెప్పారు కాబట్టి చట్టం వైపు నుంచి నాలుగు మాటలు.

హైదరాబాద్ సిటీ పోలీస్ ఇవాళ కూడా నిజాం కాలపు చట్టం మీద నడుస్తోంది. పేరు హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీ. ఫస్లీ నిజాం కాలపు సంవత్సరాల లెక్క, అంటే 1938-39 ప్రాంతం. రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది, ఆ చట్టం మాత్రం ఉంది. ఊరేగింపు అనుమతి, మైకు అనుమతి, రోడ్డు మీద న్యూసెన్స్‌కు పెట్టే పెట్టీ కేసు, వీటిలో చాలావాటి వేరు అందులోనే దొరుకుతుంది.

జిల్లాకూ కమిషనరేట్‌కూ తేడా ఇక్కడే ఉంది. నల్లగొండలో గుంపులు కూడొద్దని ఆజ్ఞ పెట్టాలంటే, పాత 144, ఇప్పుడు కొత్త చట్టంలో 163, రెవెన్యూ వైపు మెజిస్ట్రేట్ సంతకం కావాలి. కలెక్టరో, ఆర్డీవోనో, తహసీల్దారో. సిటీలో ఆ అధికారం కమిషనర్ చేతిలోనే ఉంటుంది. గొడవ జరిగే చోట నిర్ణయం వెంటనే తీసుకోవచ్చు, అది లాభం. బందోబస్తు పెట్టేవాడు, ఆంక్ష పెట్టేవాడు ఒక్కరే అవుతారు, అది నష్టం. నేనైతే రెండో దాని గురించే ఎక్కువ ఆలోచిస్తాను. అడ్డు చెప్పే ఇంకొక అధికారి లేనప్పుడు మిగిలేది కోర్టే. హైకోర్టు దాకా పోయే స్తోమత ఎంతమందికి ఉంటుంది?


కొల్లాపూర్ నల్లమల · సోమవారం రాత్రి 9:30

ఆ 1348 ఫస్లీ చట్టం పేరు చదవగానే ఒళ్ళు జలదరించింది మేడం. మా తరం బతుకులు ఆ చట్టం చుట్టూ తిరిగాయి. 14ఎఫ్ సంగతి ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా.

1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాల్లో స్థానికులకు వాటా. మనం, అంటే మహబూబ్‌నగర్, నల్లగొండ, హైదరాబాద్‌తో పాటు ఆరో జోన్. కానీ ఆ ఉత్తర్వుల్లో 14వ పేరాలో కొన్ని మినహాయింపులు పెట్టారు. అందులో 'ఎఫ్' ఏందంటే, హైదరాబాద్ సిటీ పోలీస్ చట్టం కింద వచ్చే పోలీసు అధికారి పోస్టులకు స్థానిక రిజర్వేషన్ వర్తించదు. ఆ మినహాయింపుతో సిటీ పోలీస్ ఉద్యోగాలు రాష్ట్రం మొత్తానికి ఓపెన్. 2009 అక్టోబర్లో సుప్రీంకోర్టు ఆ మాటే ఖరారు చేసింది. హైదరాబాద్ ఫ్రీజోన్ అని పేపర్లలో వచ్చిన రోజు మా హాస్టల్ గదుల్లో ఎవరూ అన్నం తినలేదు.

నేను అప్పుడు ఎస్సై పరీక్షకు తయారవుతున్నా. పొద్దున చీకట్లో లేచి ఉస్మానియాలో పరుగు, తర్వాత లైబ్రరీలో కుర్చీ దొరికితే అదృష్టం. ఇంట్లో ఉన్న రెండెకరాలకు బోరు ఎండిపోయింది, నాయన పుణె పోయి మట్టి పని చేసి డబ్బులు పంపుతున్నాడు. మా ఆశ ఏంది? సిటీలో ఖాళీలు ఎక్కువ, అవి మన జోన్‌వే, ఒకటి తగలకపోతుందా అని. ఫ్రీజోన్ అంటే ఆ ఆశ మీద మన్ను పోసినట్టు.

ఆ తర్వాత జరిగింది చరిత్ర. సిద్దిపేటలో ఉద్యోగ గర్జన, నవంబర్ 29న కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9 ప్రకటన. తెలంగాణ ఉద్యమం మళ్ళీ భగ్గుమన్నదానికి పెద్ద కారణాల్లో ఒకటి సిటీ పోలీస్ ఉద్యోగాల గొడవ. 2010 మార్చిలో 14ఎఫ్ తీసేయాలని అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఆ మాట అమలులోకి రావడానికి 2011 దాకా పట్టింది. మధ్యలో ఎస్సై పరీక్షలు పెడతామంటే పిల్లలు రోడ్డెక్కారు, లాఠీలు తిన్నారు.

ఇంకొంచెం వెనక్కి పోతే 1952. నాన్‌ముల్కీ (స్థానికులు కానివాళ్ళు) గో బ్యాక్ అని సిటీ కాలేజీ దగ్గర పిల్లలు ఊరేగింపు తీస్తే సెప్టెంబర్ 3, 4 తేదీల్లో కాల్పులు జరిగాయి, పిల్లలు చనిపోయారు. దాని మీద జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ నడిపారు. ఉద్యోగాలు అడిగిన పిల్లల మీద కాల్పులు జరిపింది పోలీసులే, తర్వాతి తరం పిల్లలు కొట్లాడింది కూడా ఆ పోలీసు ఉద్యోగాల కోసమే. సిటీ పోలీస్ చరిత్ర రాసేవాళ్ళు కొత్వాళ్ళ జాబితా రాసి వదిలేస్తే ఒప్పుకోను. దాని గేటు బయట నిలబడి కొట్లాడిన మన పిల్లల పేరు కూడా ఉండాలి.


దేవరకొండ తమ్ముడు · సోమవారం రాత్రి 11:50

అన్నా, చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. 14ఎఫ్ పోయింది కాబట్టే మా బ్యాచ్‌లో మనోళ్ళు ఇంతమంది ఉన్నారు.


మిర్యాలగూడ చదువరి · మంగళవారం ఉదయం 7:10

కొల్లాపూర్ అన్నకు ఒక ప్రశ్న. నేను ఎస్సై పరీక్షకు చదువుతున్నాను. ఇప్పుడు మనం హైదరాబాద్‌కు లోకల్ అవుతామా? కోచింగ్ సెంటర్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు, టెన్షన్‌గా ఉంది.


కొల్లాపూర్ నల్లమల · మంగళవారం ఉదయం 7:55

కాము తమ్మీ. 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. పాత ఆరో జోన్ లేదు. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి యాదాద్రి జోన్లోకి పోయాయి. మా మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జోగులాంబ జోన్. హైదరాబాద్ చార్మినార్ జోన్. 95 శాతం పోస్టులు ఆ జోన్ స్థానికులకే, మిగిలిన 5 శాతం అందరికీ ఓపెన్. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ నాలుగేళ్ళు చదివావో అదే నీ స్థానికత. బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకో, నోటిఫికేషన్ వచ్చాక బడుల చుట్టూ తిరిగితే ఫలితం ఉండదు.

నా మటుకు నాకు ఇందులో ఒక బాధ ఉంది. ఎవరి జోన్ వాళ్ళది అన్న న్యాయం నాకు అర్థమవుతుంది. కానీ నగరానికి పోయి ఇళ్ళు కట్టింది పాలమూరు కూలీ. ఆ నగరానికి మన పిల్లలు నాన్‌లోకల్ అంటే మింగుడు పడదు. ఫ్రీజోన్ మీద కొట్లాడి గెలిచిన ఊళ్ళే ఇవాళ బయట నిలబడ్డాయి.


భువనగిరి కోట · మంగళవారం ఉదయం 9:22

హద్దుల మాట వచ్చింది కాబట్టి నాదొకటి. మనోళ్ళు 'హైదరాబాద్ పోలీస్' అని ఒకటే పేరు పెట్టి పిలుస్తారు కానీ నగరం ఒక్క కమిషనర్ కింద లేదు. 2000ల మొదట్లో సైబరాబాద్ వేరుపడింది. 2016లో సైబరాబాద్‌ను విడగొట్టి రాచకొండ కమిషనరేట్ పెట్టారు. ఆ పేరు మన రాచకొండ కోటది, రేచర్ల పద్మనాయకుల రాజధాని. మా భువనగిరి, చౌటుప్పల్ అందులో కలిశాయి. తర్వాత కూడా ప్రభుత్వం ఈ పేర్లు, గీతలు మారుస్తూనే ఉంటుంది కాబట్టి పోయే ముందు ఒకసారి చూసుకోండి.

విజయవాడ రోడ్డు మీద బస్సు దిగి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిస్తే ఒక కమిషనర్ ఏరియా నుంచి ఇంకొకరి ఏరియాలోకి వచ్చేస్తాం, రోడ్డు మీద మనకు ఏ గీతా కనపడదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలాయి గుర్తుందా? కొద్ది దూరంలోనే. ఒకటి మలక్‌పేట స్టేషన్ పరిధి, రెండోది సరూర్‌నగర్ స్టేషన్ పరిధి. కేసులు కూడా రెండు. దర్యాప్తు తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తీసుకుంది. 2016 డిసెంబర్లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. మన జిల్లాల పిల్లలు కోచింగ్‌కు, హాస్టళ్ళకు చేరే చోటు అది. ఆ సాయంత్రం ఫోన్లు కలవక ఊళ్ళలో తల్లిదండ్రులు పడ్డ నరకం మాటల్లో చెప్పలేం.


నకిరేకల్ అక్క · మంగళవారం మధ్యాహ్నం 12:40

భువనగిరి అన్న చెప్పిన ఆ గీత వల్ల మేం పడ్డ బాధ నేను చెప్తా. మా బిడ్డ హాస్టల్లో ఉండి చదువుకుంటది. ఒకడు వెంటపడి రోజూ బస్‌స్టాప్ దగ్గర నిలబడుడు, కొత్త కొత్త నంబర్ల నుంచి ఫోన్లు. మా ఆయనా నేనూ పోయి ఒక స్టేషన్లో చెప్తే 'బస్‌స్టాప్ మా కిందికి రాదు, అవతలి స్టేషన్‌కు పోండి' అన్నారు. అవతలికి పోతే 'హాస్టల్ ఎక్కడుందో అక్కడే ఇయ్యాలె' అన్నారు. ఏ స్టేషనో ఇక్కడ రాయదలచుకోలేదు. ఎండలో ఆ రోడ్డు అటూ ఇటూ తిరిగి మా ఆయనకు బీపీ పెరిగి మెట్ల మీద కూలబడ్డడు. పిల్లను ఇంటికి తీసుకుపోదామా అన్నంత దూరం పోయినం.

బిడ్డ దోస్తు ఒకామె షీ టీమ్స్‌కు, అంటే ఆడపిల్లల వెంటపడేవాళ్ళను పట్టే పోలీసు బృందాలకు, వాట్సాప్ చేయమని చెప్పింది. చేసినం. మఫ్టీలో వచ్చిన్రు, ఒక ఆడ మేడం, ఇద్దరు మగవాళ్ళు. బిడ్డను మామూలుగా బస్‌స్టాప్‌కు పొమ్మన్నరు. వాళ్ళు అక్కడే జనంలో కలిసిపోయి చిన్న కెమెరాతో వాని చేష్టలన్నీ తీసిన్రు. వాడు దగ్గరికి రాంగనే పట్టుకున్నరు. వాని తల్లిదండ్రులను పిలిపించి, వీడియో వాళ్ళ ముందటనే పెట్టి చూపించిన్రట. మా బిడ్డ పేరు ఎక్కడా బయటికి రాలేదు. నాకు ఆ మేడం మాట ఒకటి మనసుకు పట్టింది, 'అమ్మా, చదువు మాన్పిస్తే వాడు గెలిచినట్టు' అన్నది.

ఒక్క నగరంలోనే రెండు రకాల పోలీసును చూసిన. మొదట చూసినదాన్ని మర్చిపోను, తర్వాత చూసినదాన్ని కూడా మర్చిపోను.


నల్లగొండ లాయరమ్మ · మంగళవారం మధ్యాహ్నం 1:35

అక్కా, మీ అమ్మాయి ధైర్యానికి నా దండం. షీ టీమ్స్ 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లోనే మొదలయ్యాయి, తర్వాత రాష్ట్రమంతా వచ్చాయి. మైనర్ పిల్లవాడైతే కౌన్సెలింగ్, చిన్నదైతే పెట్టీ కేసు, పెద్దదైతే లేక మళ్ళీ చేస్తే ఎఫ్ఐఆర్. లైంగిక దాడి లాంటి వాటికి భరోసా కేంద్రం ఉంది, 2016లో పెట్టారు. వైద్యం, వాంగ్మూలం, న్యాయ సహాయం ఒక్క కప్పు కింద జరుగుతాయి. బాధితురాలు నాలుగు ఆఫీసులు తిరగాల్సిన పని లేదు.

ఇక ఆ స్టేషన్ల వాళ్ళు చేసింది చట్టానికి విరుద్ధం. గట్టిగా చెప్తున్నాను. నేరం ఏ హద్దులో జరిగినా మీరు వెళ్ళిన స్టేషన్ ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. నమోదు చేసి సంబంధించిన స్టేషన్‌కు పంపే బాధ్యత వాళ్ళది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్లో ఇది స్పష్టంగా రాసి ఉంది. అంటే హైదరాబాద్‌లో జరిగినదానికి మీరు నకిరేకల్లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో కూడా పంపొచ్చు, అయితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. కాగ్నిజబుల్ నేరం (పోలీసులు వారంట్ లేకుండా అరెస్ట్ చేయగల నేరం) అని తెలుస్తుంటే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది.


జడ్చర్ల స్టీరింగ్ · మంగళవారం సాయంత్రం 6:15

నేను క్యాబ్ నడుపుతా. ట్రాఫిక్ వాళ్ళ మీద కోపం అందరికీ ఉంటుంది, నాకూ ఉంది, చలాన్లు కట్టీ కట్టీ. కానీ శనివారం రాత్రి తాగి నడిపేవాళ్ళను ఆపే ఆ చెకింగ్ లేకపోతే మా లాంటి రాత్రి డ్రైవర్లు ఇల్లు చేరేది అనుమానమే. వానాకాలం నీళ్ళు నిలిచిన చోట మోకాళ్ళ లోతులో నిలబడి మ్యాన్‌హోల్ దగ్గర బండ్లను పక్కకు పంపే కానిస్టేబుల్‌ను చూసి దండం పెట్టి పోయిన రోజులున్నాయి.


దేవరకొండ తమ్ముడు · మంగళవారం రాత్రి 10:20

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చా. అక్క చెప్పింది చదివాను. హద్దు పేరు చెప్పి పంపించేయడం మా దగ్గర పాత జబ్బు. కేసు రాస్తే లెక్కలో నేరాలు పెరిగినట్టు కనిపిస్తాయని పైవాళ్ళు అడుగుతారన్న భయం ఒకటి, పని భారం ఒకటి. కారణం ఏదైనా మీరు ఎండలో తిరగడం న్యాయం కాదు.

బందోబస్తు గురించి ఎవరూ అడగలేదు కానీ మా ఉద్యోగంలో సగం అదే. బోనాలు, మొహర్రం, గణేశ్ నిమజ్జనం, మీటింగులు, మ్యాచ్‌లు. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం (పీరు) ఏనుగు మీద డబీర్‌పురా నుంచి కదులుతుంది, కమిషనర్ స్వయంగా ధట్టీ (పీరుకు కట్టే గుడ్డ) సమర్పిస్తారు. నిమజ్జనానికి మీ నల్లగొండ, పాలమూరు స్టేషన్ల నుంచి కూడా మనుషులను పిలిపిస్తారు. బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా ఊరేగింపు. తెల్లారేదాకా తాడు పట్టుకుని నిలబడతాం. ఒక వైపు జనం తోసుకొస్తారు, ఇంకో వైపు లారీ. అర్ధరాత్రి దాటేసరికి అరచేతిలో తాడు ఒరుసుకుపోయి చర్మం లేస్తుంది, వేళ్ళు ముడుచుకోవు. విగ్రహం ఎత్తుగా ఉంటే కరెంటు వాళ్ళు కర్రతో తీగ లేపి పట్టుకుంటారు, ట్రాలీ దాటేదాకా కింద మేం జనాన్ని ఆపాలి. తప్పిపోయిన పిల్లలను టెంట్‌లో కూర్చోబెట్టి మైకులో పేర్లు చెప్తుంటాం. పిల్లాడికి తండ్రి ఫోన్ నంబరు రాదు, ఊరి పేరు మాత్రం వస్తుంది. దయచేసి నిమజ్జనానికి తెచ్చే చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.


పాలమూరు మాస్టారు · బుధవారం ఉదయం 6:25

తమ్ముడూ, ఆ కాగితం సంగతి మా ఊరి గుంపులో ఇప్పుడే పెట్టాను.

నాదొక ప్రశ్న. మా పక్కింటి రిటైర్డ్ సారుకు 'హైదరాబాద్ పోలీసులం, మీ ఆధార్ మీద కేసు ఉంది, వీడియో కాల్‌లోనే ఉండాలి, కదిలితే అరెస్ట్' అని ఫోన్ వచ్చింది. యూనిఫాం వేసుకున్న మనిషి కనిపించాడట. ఆయన మధ్యాహ్నం దాకా తలుపు వేసుకుని కూర్చున్నారు, అన్నం ముట్టలేదు.


దేవరకొండ తమ్ముడు · బుధవారం ఉదయం 6:50

మోసం మాస్టారూ. పోలీసులు వీడియో కాల్‌లో అరెస్ట్ చేయరు, అట్లాంటి పద్ధతే చట్టంలో లేదు. డబ్బు పంపితే కేసు మాఫీ అన్న పోలీసు పోలీసే కాదు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. దొంగలు ఆ డబ్బును వెంట వెంటనే వేరే ఖాతాల్లోకి మారుస్తారు. వాళ్ళు తీసుకునే లోపు బ్యాంకులో ఆపించడమే ఉన్న దారి. పరువు పోతుందని పిల్లలకు చెప్పకుండా రెండు రోజులు దాచిన పెద్దవాళ్ళు చాలామంది మా దగ్గరికి వస్తారు. అప్పటికి ఖాతాలో ఏమీ మిగలదు. ఆ సారుతో మీరే కూర్చుని మాట్లాడండి.


మిర్యాలగూడ చదువరి · బుధవారం ఉదయం 8:05

లాయరమ్మ గారూ, స్టేషన్లో వాళ్ళు 'ఫిర్యాదు తీసుకోం' అని గట్టిగా అంటే ఏం చేయాలో వరుసగా చెప్పండి. మా ఇంట్లో అమ్మకు కూడా అర్థమయ్యేటట్టు.


నల్లగొండ లాయరమ్మ · బుధవారం ఉదయం 9:10

తెల్ల కాగితం మీద మీ మాటల్లోనే రాయండి, తెలుగులోనే. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేశారు, అంతే. రెండు కాపీలు తీసుకుని పోండి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే అదే కాగితాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. జిల్లాలో అయితే ఎస్పీకి, సిటీలో అయితే డీసీపీకి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేట్ కోర్టుకు వెళ్ళే హక్కు చట్టమే ఇచ్చింది.

శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు ఉన్న కేసుల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలు కొత్త చట్టంలో ఉంది. ఆ మాట చెప్పి నెలల తరబడి తిప్పడానికి మాత్రం వీల్లేదు.

ఎఫ్ఐఆర్ అయ్యాక దాని కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకు ఉచితంగా ఇవ్వాలి. జిరాక్స్ డబ్బులని కూడా ఒక్క రూపాయి అడగకూడదు. నకిరేకల్ అక్కా, మీ కాగితం ఇంకా ఉంటే నాకు పర్సనల్ మెసేజ్‌లో పంపండి, నేను చూస్తాను.


నకిరేకల్ అక్క · బుధవారం ఉదయం 9:32

ఉందమ్మా. రెండు స్టేషన్లకు ఇయ్యబోయిన కాగితం అట్లనే దాచిపెట్టిన. సాయంత్రం బిడ్డ ఫోన్ చేయంగనే ఆమెను అడిగి ఫోటో తీసి పంపిస్తా.